దూప తీసే చెయ్యి

తాండూరులో నర్సింహులు షెడ్డు షట్టర్ పైకి లేచేసరికే కనకమ్మ రెండు మట్టి రంజన్లు నీళ్ళతో నింపి పెట్టేది. షెడ్డు బండల మిల్లుల దారిలో ఉంది. పొద్దున ఏడింటికే నాపరాళ్ళ లారీలు కదిలేవి, రాతిదుమ్ము లేచి మూతలేని గిన్నెల మీద పేరుకునేది. అందుకని రంజన్ల మీద తడిగుడ్డ కప్పి, పైన చెంబు బోర్లించి, అప్పుడు మొగుడికి చాయ్ ఇచ్చేది.

నర్సింహులు డీజిల్ మెకానిక్. పంపు విప్పుతాడు, నాజిళ్ళు సాఫు చేస్తాడు, అందరు మెకానిక్‌లు చేసే పనే. పనంతా అయ్యాక మాత్రం ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కదలకుండా నిలబడతాడు. అప్పుడు బండి దూప, దాని దాహమంతా, ఆయనలోకి దిగుతుంది. లీటరుకు పది కిలోమీటర్లు పోయే జీపు ఆనాటి నుంచి పదహారు పోతుంది. ఆయన మాత్రం పొద్దుగూకే దాకా నీళ్ళు తాగుతూనే ఉంటాడు. కారయితే ఒక బిందె, లారీ అయితే నిండు రంజను. చీకటి పడేసరికి ఆ దూప చల్లారుతుంది. తెల్లారితే ఇంకో బండి.

"ఇయ్యాల రెండు లారీలు వచ్చినట్టున్నయి" అనేవాడు పక్కన టైర్ల దుకాణం నడిపే పరశురాం, ఖాళీ రంజన్ల వంక చూసి. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కొడంగల్ నుంచి, మర్పల్లి నుంచి కూడా బండ్లు వచ్చేవి. ముప్పయ్యేళ్ళు అట్లా గడిచాయి.

తర్వాత బండ్లు తగ్గాయి. మొదట కనకమ్మ పట్టించుకోలేదు. ఒక రోజు సాయంత్రం రెండో రంజన్ నిండుగా ఉన్నది ఉన్నట్టే ఉంటే, మొగుడికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

పప్పు మిల్లు శివశంకర్ సేటు పాతికేళ్ళుగా తన లారీలన్నీ నర్సింహులు దగ్గరికే పంపేవాడు. ఆయన ఒకనాడు కొత్త కారులో వచ్చాడు. కారు ఆగిన చప్పుడు కూడా రాలేదు.

"హైబ్రిడ్ నర్సింహులూ. సగం బ్యాటరీ, సగం పెట్రోల్. బ్రేకు తొక్కితే అదే చార్జింగ్ చేసుకుంటది. లీటరుకు ఇరవై నాలుగు ఇస్తది" అన్నాడు సేటు.

"మస్తుంది సేటూ. గిప్పుడు అందరూ గివే కొంటున్నరా?"

"కొనకేం చేస్తరు? సర్కారోళ్ళు కంపెనీలకు హద్దు పెట్టిండ్రు. నువ్వు అమ్మే కార్లన్నీ కలిపి లెక్క తీస్తే గింతకంటె ఎక్కువ తాగొద్దు, తాగితే జుర్మానా అని. డీజిల్ బండ్లకు పొగ రూల్ వేరే. గందుకే కంపెనీలు తోవకొచ్చినయి."

అడగకుండానే నర్సింహులు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు నిలబడ్డాడు. గొంతులో ఏమీ కదల్లేదు.

"దీనికి దూప లేదు సేటూ" అన్నాడు చెయ్యి తీసేసి.

సేటుకు ఏదో ఇబ్బందిగా అనిపించింది. చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రావలసిన పని పడలేదు.

కొత్త డీజిల్ బండ్లూ అంతే. పంపు చెయ్యాల్సిన పని ఇప్పుడు కంప్యూటరు చేస్తోంది. ఎంత తాగాలో ఫ్యాక్టరీలోనే రాసేసి పంపుతున్నారు. తాను గొంతు ఎండగట్టుకుని ఒక్కొక్క బండికి చేసిన పని, ఒక్క సర్కారు కాగితం దేశంలోని బండ్లన్నిటికీ చేసేసిందని నర్సింహులుకు అర్థమైంది. అది మంచిపని. మంచిపనని తెలిసినందుకే ఆయనకు ఎటూ పాలుపోలేదు. ఎవరినన్నా తిట్టుకుందామంటే తిట్టదగ్గ మనిషి కనపడలేదు.

ఒక్కతే బిడ్డ అంజలి. చిన్నప్పటి నుంచి షెడ్డులోనే తిరిగి, ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. వికారాబాద్‌లో బండ్లకు ఫిట్‌నెస్ పరీక్ష చేసే ఒక కేంద్రంలో ఉద్యోగం దొరికింది. మనిషి చూసి సంతకం పెట్టే కాలం పోయింది, అక్కడ మిషన్లే చూస్తాయి. పదిహేనేళ్ళు దాటిన బండి వాటి ముందు నిలవాలి. నిలవకపోతే తుక్కుకు పోవాలి. ఉద్యోగం వచ్చిన రోజు అంజలి మైసూర్‌పాక్ తెచ్చింది. నర్సింహులు రెండు ముక్కలు తిని, "మంచిగ చెయ్యి బిడ్డా, ఎవ్వరికీ భయపడకు" అన్నాడు.

ఇంకా నర్సింహులు షెడ్డుకు వచ్చే బండి ఒక్కటే మిగిలింది. యాలాల్‌లో ఉండే యాకోబు జీపు. దానికి పద్దెనిమిదేళ్ళు. ఒకప్పుడు యాలాల్ నుంచి తాండూరుకు మనుషులను చేరవేసేది. రెండేళ్ళుగా వారంలో మూడు రోజులు యాకోబు భార్య మార్తను వికారాబాద్ ఆస్పత్రికి తీసుకుపోతోంది. మార్త రెండు కిడ్నీలూ చెడిపోయాయి. తాండూరులో డయాలసిస్ మిషన్ మీద జాగ దొరక్క, వికారాబాద్‌లో రాయించుకున్నారు. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి దిగిన మనిషికి కూర్చునే ఓపిక కూడా ఉండదు. యాకోబు వెనక సీటు పీకేసి పరుపు వేశాడు.

ఫిట్‌నెస్ గడువు ముగిసే వారం యాకోబు జీపు తీసుకొచ్చాడు.

"అన్నా, గీ ఒక్కసారి ఎట్లన్న గట్టెక్కించు. కొత్త బండి నాతోని కాదు."

"ఫికర్ చెయ్యకు" అన్నాడు నర్సింహులు. నాజిళ్ళు మార్చాడు, ఫిల్టర్లు మార్చాడు. తర్వాత ఇంజన్ మీద రెండు చేతులూ పెట్టి, అడుగున ఉన్న దూపంతా లాగేశాడు. అంతసేపు ఏ బండి మీదా ఎన్నడూ చెయ్యి పెట్టలేదు. రంజన్లు రెండూ ఖాళీ అయ్యాక పరశురాం దుకాణంలో బిందె కూడా ఖాళీ చేశాడు.

మరునాడు ఇద్దరూ వికారాబాద్ పోయారు. అనంతగిరి గుట్ట పక్కన ఎత్తు ఎక్కినా డీజిల్ ముల్లు కదల్లేదు. యాకోబు దాన్నే చూస్తూ నడిపాడు, మొహం వెలిగిపోయింది.

పరీక్ష కేంద్రంలో అంజలే ఉంది. తండ్రిని చూసి నవ్వబోయి, వెనక జీపును చూసి ఆగిపోయింది. బ్రేకులు సరిపోయాయి. లైట్లు సరిపోయాయి. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి యాక్సిలరేటర్ తొక్కించారు. తెర మీద ఎర్ర అంకె పడింది. అంజలి మళ్ళీ తొక్కించింది. మళ్ళీ ఎరుపే. తర్వాత టార్చి పట్టుకుని గుంతలోకి దిగి, జీపు అడుగు చూసి, చాలాసేపటికి పైకి వచ్చింది.

"నాయినా, జర గిటు రా" అని తండ్రిని పక్కకు పిలిచింది. "పొగ హద్దు దాటింది. కింద చాసిస్ కూడ తుప్పుబట్టి పోయింది. నువ్వు రెండుసార్లు వెల్డింగ్ పెట్టినవ్, అతుకు పక్కనే మళ్ళ పగిలింది."

"దాని దూపంత తీసిన బిడ్డా. తాండూరు నుంచి గిక్కడిదాక ముల్లు కదల్లే."

"మిషన్ దూప అడగది నాయినా. పొగ అడుగుతది."

"నీ చేతిల ఏం లేదా?"

అంజలి కళ్ళు నిండాయి. గొంతు మాత్రం తొణకలేదు. "ఉంటే మాత్రం? రేపు తోవల జీపు నడుమ ఇరిగితే? అండ్ల మార్తత్త పండుకొని ఉంటే?"

ఆ అతుకు పెట్టినప్పుడు అదే మాట నర్సింహులుకూ తట్టింది. తట్టినా జీపు పంపేశాడు.

యాకోబు నాలుగు అడుగుల దూరంలోనే నిలబడి అంతా విన్నాడు. "బిడ్డను ఎందుకన్నా పరేషాన్ చేస్తవు? రాయి అంజలమ్మా. ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాడు. జీపులో ఉన్న పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు. జీపును అక్కడే వదిలేసి, తిరుగు రైలులో ఆ పరుపును ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

జీపు తుక్కుకు పోయింది. ఆ ఎండాకాలం మార్తకు ప్రయాణమే రోగమైంది. యాలాల్ నుంచి తాండూరుకు ఆటో, అక్కడి నుంచి రైలు, వికారాబాద్ స్టేషన్ నుంచి ఇంకో ఆటో. తిరిగి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫాం మీద గోడకు ఆని పడుకునేది. రెండుసార్లు రైలు తప్పి మిషన్ తప్పింది. కాళ్ళు ఉబ్బాయి, రెండు మాటలకు ఒకసారి ఆయాసం వచ్చేది.

డాక్టర్లు రోజుకు అర లీటరు నీళ్ళే తాగాలన్నారు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు, గుండెను ముంచుతుంది. యాకోబు బిందెలు పక్కింట్లో పెట్టించాడు. ఒక మధ్యాహ్నం పొలం నుంచి వచ్చేసరికి, మార్త ఎడ్ల తొట్టిలో మొహం ముంచి తాగుతోంది. ఆ రాత్రే ఊపిరాడక ఆస్పత్రిలో పడింది.

ఈ సంగతి తెలిసి నర్సింహులు యాలాల్ పోయాడు. మార్త అరుగు మీద తడిగుడ్డ పెదవులకు అద్దుకుంటూ కూర్చుంది. మనిషి సగమైంది, మొహం మాత్రం ఉబ్బింది. యాకోబు ఇంట్లో లేడు.

"కూసో అన్నా. చాయ్ పెట్టేటట్టు లేను" అంది.

"నాకేం వద్దు చెల్లె. నా వల్లనే గిట్లయింది. గా జీపు నేను ముందే మంచిగ చూసుంటే..."

"జీపుదేముందిలే." గుడ్డ పక్కన పెట్టింది. "నీకు చెప్తున్న, ఆయనకు చెప్పకు. బువ్వ లేకున్న ఉంట, నొప్పి ఓర్చుకుంట. గీ దూప నాతోని అయితలేదన్నా. పండుకుంటే కలల గూడ నీళ్ళే. ఆదివారం ఆయన చర్చికి పోతడు. పక్కింటోళ్ళు గూడ పోతరు. అప్పుడు కడుపునిండ తాగి పండుకుంట. ఒక్కపారి తాగితే చాలు."

ఏడవలేదు. ఎట్లా చేయాలో అంతా ఆలోచించి పెట్టుకున్న మనిషిలా చెప్పింది.

నర్సింహులు తన అరచెయ్యి చూసుకున్నాడు. గీతల్లో నల్లగా గ్రీసు ఇంకి ఉంది, ఎంత తోమినా పోదు. "మనిషి మీద ఎన్నడు పెట్టలేదు చెల్లె. అయితదో కాదో తెల్వదు" అన్నాడు.

మార్త ఆయన ఏమంటున్నాడో తెలుసుకుని కొంగు సర్దుకుంది. "నీకేం కాదు గదా?"

"పొద్దుగూకితే పోతది. ముప్పయ్యేండ్ల నుంచి చూస్తలేనా?"

తల మీద చెయ్యి పెట్టాడు. లారీ దూప దిగేటప్పుడు గొంతు గరగరలాడుతుంది. ఇది చప్పుడు లేకుండా వచ్చి నాలుక మీద, గొంతులో, గుండెలో నిండింది. చెయ్యి తీసేసరికి మార్త పక్కనున్న నీళ్ళ గిన్నె వంక చూస్తోంది. అందులో రోజుకు కొలిచిన నీళ్ళు ఇంకా సగం ఉన్నాయి. దాన్ని కొంచెం దూరం జరిపి, "ఆకలైతుందన్నా" అంది.

నర్సింహులు వీధి చివర బోరింగ్ కొట్టుకుని తాగాడు. బస్సు ఎక్కేముందు తాగాడు, దిగాక తాగాడు. పొద్దుగూకింది. దూప చల్లారలేదు. మరునాడూ అంతే. మూడో రోజుకు ఆయనకు తెలిసింది. బండి ఆగితే దాని దూప ఆగుతుంది. మనిషి ఆగదు. మార్త ఉన్నన్నాళ్ళూ ఇది ఉంటుంది.

షెడ్డు మూతపడింది. నీళ్ళకు దూరంగా ఒక గడియ నిలవలేని మనిషి ఏ పనికి పోతాడు? ఎన్ని తాగినా నీళ్ళకు రుచి లేదు, గొంతు తడవదు. కనకమ్మ రంజన్లు నాలుగు చేసింది, ఎందుకని అడగలేదు. సెలవు రోజు అంజలి వచ్చి, బండ్లు లేని షెడ్డునూ నాలుగు రంజన్లనూ చూసింది.

"ఎవరి దూప నాయినా?" అంది.

"యాకోబుకు చెప్పకు బిడ్డా" అన్నాడు. అంజలి ఆయన పక్కన కూర్చుని, చెంబు ఖాళీ అయినప్పుడల్లా ముంచి ఇచ్చింది.

అక్కడ వికారాబాద్‌లో నర్సు మార్తను తూకం మీద నిలబెట్టి ముల్లు రెండుసార్లు చూసింది. "ఇంత తక్కువ పెరిగినవేందమ్మా? నీళ్ళు తాగుతలేవా?" అని అడిగింది. దూప అయితలేదంది మార్త. వాపు దిగింది, ఆయాసం తగ్గింది. మాత్రలు మింగడానికి మాత్రం ఒక గుక్క తాగేది. నీళ్ళ రుచి మరిచిపోయానని ఒకసారి యాకోబుతో అంది. రైలు తప్పిన రోజులను కూడా తట్టుకుంది. ఆ యేడు కందులు ఎండబోసి తనే చెరిగింది. వస్తూ పోతూ తాండూరు స్టేషన్‌లో నర్సింహులు కనిపిస్తే చెయ్యి ఊపేది. ఆయన చేతిలో సీసా చూసి ఎండకేమో అనుకునేది.

అట్లా పదమూడు నెలలు.

వానలు మొదలైన ఒక బుధవారం పొద్దున నర్సింహులు లేచి గ్లాసు ముంచుకున్నాడు. ఒక్క గుక్క తాగాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. గొంతు నుంచి కడుపు దాకా చల్లగా దిగడం తెలిసింది. సగం గ్లాసు అయ్యేసరికి ఇంకా తాగబుద్ధి కాలేదు.

గ్లాసును గట్టు మీద పెట్టేశాడు. యాకోబు నుంచి ఫోను రాలేదు. బయట వాన పడుతోంది. కనకమ్మ రెండో రంజన్‌లో బిందె వంచుతోంది.

"చాలు, ఇంక పొయ్యకు" అన్నాడు నర్సింహులు.

కనకమ్మ మొగుడి మొహం చూసి బిందె దించేసింది.

"చీర మార్చుకో. యాలాల్ పోదాం" అన్నాడు.