షోకేసు జత

ఆపరేషన్ జరిగింది కుడికాలి రెండో వేలికి. అంతే, ఒక్క వేలికి. దానికోసం హాల్లో సోఫా కిటికీ పక్కకి జరిగింది, ఇంట్లో ఉన్న దిండ్లన్నీ ఆయన కాలికింద చేరాయి. నీళ్ల సీసా, టీవీ రిమోటు, వీపు గోక్కునే కర్ర అన్నీ చేతికందేలా కొలువుదీరాయి.

"పెళ్లిలో కూడా మీకిన్ని మర్యాదలు జరగలేదు," అంది ఆయన భార్య.

"అప్పుడు వేలు బాగుంది కదే," అన్నాడాయన.

ఆయన పనిచేసేది బజారులో పెద్ద చెప్పుల షాపులో. ఆడవాళ్ల సెక్షను. ముప్పై ఏళ్లుగా పొట్టి స్టూలు మీద కూర్చుని, ఊరందరి పాదాలూ ఒళ్లో పెట్టుకుని బతుకుతున్నాడు. మనిషి తలుపు తోసుకుని లోపలికి వస్తుంటేనే పాదం చూసి నంబరు చెప్పేస్తాడని పేరు. ఇంకో పేరు కూడా ఉంది. ఎవరైనా మొహం కాస్త చిట్లించి "కొంచెం బిగుతుగా ఉన్నాయండీ" అంటే చాలు, తేనె పూసినట్టు "సాగుతాయిలెండి" అంటాడు. ఎంతలా అంటే, కౌంటర్ దగ్గరి అమ్మాయిలు ఆయన వెనకాల "సాగుతాయిలెండి గారు" అనే పిలుచుకుంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడాను.

మరి ఆయన వేలెందుకు వంగింది? ఎందుకంటే షాపు రూలు అది. స్టాఫంతా షాపు బూట్లే వేసుకోవాలి. అవేమో ముందు మూతి సన్నగా, నల్లగా మెరుస్తూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. లోపల అయిదు వేళ్లూ జనంతో కిక్కిరిసిన బస్సులో నిలబడ్డట్టు నిలబడాలి. రెండో వేలికి చోటు దొరక్క మధ్యలో కణుపు దగ్గర పైకి లేచి, కొస కిందికి వంగి, సుత్తిలా తయారైంది. కణుపు మీద కాయ కాసింది. ఏళ్ల తరబడి కుంటుతూ కుంటుతూ నెట్టుకొచ్చి, ఇక అడుగు వేయలేనంత అయ్యాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఏం పని చేస్తారు?" అని అడిగిందావిడ, వేలిని అటూ ఇటూ తిప్పుతూ.

"చెప్పులు అమ్ముతానండీ."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఆయనా నవ్వాడు, ఏం చేస్తాడు మరి.

కణుపులో ఎముక కాస్త కోసి, వేలిని చాపి, మళ్లీ వంగకుండా లోపల ఒక సన్నటి తీగ పెట్టారు. తీగ కొస వేలి చివర బయటికి వచ్చి ఉంటుంది, దానికి చిన్న నీలం పూస తొడిగారు. ఆ పూసని చూస్తే భార్యకి కళ్లు తిరిగేవి. అందుకని కట్టు మార్చే పని కూతురి మీద పడింది.

కూతురికి ఇరవై ఆరేళ్లు. మందుల షాపులో ఉద్యోగం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కౌంటర్ వెనకాల నిలబడే ఉండాలి. వస్తూనే చేతులు కడుక్కుని, నాన్న కాలి దగ్గర కూర్చునేది.

"అబ్బా, మెల్లిగా!" అని అరిచేవాడు ఆయన.

"ఇంకా ముట్టుకోలేదు నాన్నా."

చూడ్డానికొచ్చిన చుట్టాలందరి ముందూ ఆయనకి ఒకటే కథ. ఈ పిల్ల బళ్లో చదివేటప్పుడు పరుగుపందెంలో దీన్ని కొట్టేవాళ్లు లేరట. పెద్ద పోటీలకి ఎంపిక చేసే రోజున, అందరికంటే ముందుండి, సగం దూరంలో ఆగిపోయి గడ్డిలో కూలబడిందట. మర్నాటి నుంచి పరుగు మాటెత్తితే ఒట్టు.

"మా ఇంట్లో పట్టుదల ఉన్నదల్లా నా వేలికే," అని ముగించేవాడు. "కోసేదాకా వంగిన చోటు వదల్లేదు చూడండి! దీనికి మాత్రం లేకపోయింది."

చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. కట్టు కడుతున్న కూతురు కూడా తలెత్తకుండా నవ్వేది. ఆ కథ ఆయన పెళ్లిళ్లలో చెప్పాడు, బస్సుల్లో చెప్పాడు, కొత్తగా పరిచయమైన వాళ్లకి కూడా చెప్పాడు. ఎప్పుడు చెప్పినా ఆ పిల్ల నవ్వింది.

నెల దాటాక తీగ తీసేశారు. "అమ్మా" అని అరవడానికి ఆయన నోరు తెరిచేలోపే డాక్టరమ్మ దాన్ని లాగేసి పళ్లెంలో పడేసింది.

"ఇంకొన్నాళ్లు వాపు ఉంటుంది, కంగారు పడకండి," అంది. "ఇక మేమిచ్చిన ఈ చెక్క అడుగు చెప్పు మానేసి మామూలు బూట్లు వేసుకోవచ్చు. కానీ ముందు భాగం వెడల్పుగా ఉండాలి. సాయంత్రం పూట, నిలబడి, రెండు పాదాలూ కొలిపించుకోండి. పొడుగు వేలి ముందు చేతి బొటనవేలంత ఖాళీ ఉండాలి. అయినా మీకు నేను చెప్పాలా, మీ పనే కదా!"

"అవునవును," అని తల ఊపాడు. నిజానికి షాపులో పాదం కొలిచే ఇనప పలక ఏ మూల పడి ఉందో కూడా ఆయనకి గుర్తు లేదు. కళ్లతో కొలిచేవాడికి పలకెందుకు?

వేలు బిగుసుకుపోకుండా ఇంట్లో చేయమని ఒక కసరత్తు కూడా చెప్పారు. నేల మీద తువ్వాలు పరిచి, కాలివేళ్లతో దాన్ని దగ్గరికి లాక్కోవాలి. ఒకరోజు సాయంత్రం ఆయన ఆ పనిలో ఉండగా కూతురు వానలో తడిసి ముద్దయి వచ్చింది.

"ముందా తడి సాక్సులు తీసి అవతల పడెయ్! జ్వరం తెచ్చుకుంటావు," అని తల్లి కేకలేసింది.

ఆ పిల్ల చలిమనిషని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంట్లో తిరిగినా, నిద్రపోయినా కాళ్లకి సాక్సులు ఉండాల్సిందే. ఆ రోజు ఇంకో జత ఆరలేదు. చేసేది లేక తీసేసి, ఎదురు కుర్చీలో కూర్చుని, పాదాలు కుర్చీ కిందికి ముడుచుకుంది. పొద్దున్నుంచి నిలబడి ఉన్న ఒళ్లు కదా, కూర్చున్నచోటే కునుకు పట్టింది. కాళ్లు మెల్లగా ముందుకి జారి తువ్వాలు మీదికి వచ్చాయి.

ఆయన వంగి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు.

తన కుడి పాదం పక్కన ఆ పిల్ల రెండు పాదాలు. రెండింటికీ రెండో వేలు సుత్తిలా వంగి ఉంది. కణుపు మీద కాయలు. ఒక వేలికి గోరు మందంగా, నల్లగా, సగమే ఉంది. ఆపరేషన్‌కి ముందు తన వేలు అచ్చం ఇలాగే ఉండేది. అలవాటు కొద్దీ కళ్లు నంబరు కూడా చెప్పేశాయి. ఏడు. ఏడు కంటే పిసరు ఎక్కువే. గుమ్మం పక్కన ఆ పిల్ల విప్పిన బూట్లు ఆరో నంబరువి. ఊళ్లోవాళ్ల పాదాలన్నీ చూసిన మహానుభావుడు ఇంట్లో ఉన్న పాదం చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చాయి షోకేసు జతలు.

షాపు షోకేసులో పెట్టే ఆడపిల్లల జత ఎప్పుడూ అయిదో నంబరే. అద్దం వెనకాల చిన్న జతయితే ముద్దుగా కనిపిస్తుందని ఓనరు నమ్మకం. సీజను మారినప్పుడు ఎండకి కాస్త రంగు దిగిన ఆ జతని స్టాఫులో ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాడు. అందరికంటే ముందు చెయ్యి చాచేది ఈయనే. మొదటిసారి తెచ్చినప్పుడు కూతురి పాదం బూట్లో ఈత కొట్టింది, ముందు దూది కుక్కాడు. మరుసటి ఏడు దూది తగ్గించాడు. ఆ పై ఏడు దూది అక్కర్లేకపోయింది. ఆ ఏడాదే పిల్ల పందెం ప్రతిదీ గెలిచింది. ఆ తర్వాత కూడా షోకేసులోంచి అయిదే వచ్చింది. పాదం పెరుగుతుంది గానీ షోకేసు పెరగదుగా.

కూతురికి మెలకువ వచ్చింది. నాన్న ఎక్కడ చూస్తున్నాడో చూసి చటుక్కున కాళ్లు లోపలికి లాక్కుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడాయన.

"అదా... చాలా కాలమైంది నాన్నా. ఏం కాదులే."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను. ఎనిమిదో తరగతిలో ఒకసారి. కొంచెం బిగుతుగా ఉన్నాయి నాన్నా అన్నాను."

అక్కడితో ఆగిపోయింది. దానికి తను ఏం బదులిచ్చి ఉంటాడో ఆయనకి ఒకరు చెప్పాలా?

"మళ్లీ చెప్పచ్చుగా," అన్నాడు, ఆ మాట ఎంత సిగ్గులేని మాటో తెలుస్తూనే.

"పెట్టె విప్పేటప్పుడు నీ మొహం చూస్తే అనబుద్ధి అయ్యేది కాదు. నాకంటే నువ్వే ఎక్కువ సంబరపడేవాడివి. క్లాసులో అలాంటి బూట్లు ఎవరికీ లేవు కూడా."

"మరి... ఆ ఎంపిక రోజు?"

కూతురు పాదాలు ఇంకాస్త లోపలికి ముడుచుకుంది. "గోరు లేచిపోయింది నాన్నా. సాక్సు నిండా రక్తం. నువ్వు చూస్తే బాధపడతావని వచ్చేటప్పుడు దారిలోనే పారేశాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకీ ఇది కొత్తే. పెళ్లిళ్లలో, బస్సుల్లో, నిన్నగాక మొన్న ఈ సోఫాలోనే చెప్పిన కథ ఆయన చెవుల్లో హోరెత్తింది. అందరితో పాటు తలొంచుకుని నవ్విన ఆ నవ్వు కూడా.

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం తల్లీ. నీకూ బాగుచేస్తుంది."

"ఇప్పుడెందుకు నాన్నా," అంది, లేచి తడి సాక్సులు పిండుతూ. "పరిగెత్తాలా పెట్టాలా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

డ్యూటీలో చేరే రోజు వచ్చింది. వాపు పూర్తిగా పోలేదు గనక ఆయన ముందు వెడల్పుగా ఉన్న బూట్లు వేసుకుని వెళ్లాడు. ఓనరు వాటిని చూసి మొహం మాడ్చుకున్నాడు గానీ, డాక్టరమ్మ చీటీ చూపించాక నోరు మెదపలేదు. కౌంటర్ అమ్మాయిలు ఊరుకుంటారా?

"బాబాయ్, ఈ పడవ అవతలి ఒడ్డుకి ఎన్నింటికి వెళ్తుంది?"

వేరే రోజయితే ఆయనా రెండు అంటించేవాడు. ఆ రోజు ఊరికే నవ్వి, స్టోరు రూములోకి వెళ్లి, పాత పెట్టెల వెనకాల దుమ్ము పట్టిన ఇనప పలక వెతికి, గుడ్డతో తుడిచి తన స్టూలు పక్కన పెట్టుకున్నాడు. పని అయిపోగానే షాపుకి రమ్మని కూతురికి గట్టిగా చెప్పి ఉంచాడు. కనీసం ఒక్క జతయినా ఆ పాదానికి తగ్గది తన చేత్తో తొడగాలి. ఆయన ఆశల్లా అదే.

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. సీటు మీద కూర్చోబెట్టాడు. తను స్టూలు మీద కూర్చుని పాదం ఒళ్లోకి తీసుకున్నాడు. వంగితే కొత్త వేలు చురుక్కుమంది.

"వద్దు నాన్నా, అందరూ చూస్తున్నారు," అంది.

"చూడనీ."

సాక్సు విప్పాడు. పలక మీద నిలబెట్టాడు. ఏడు, ఆ పైన పిసరు. షాపులో ఉన్నవాటిలో బాగా వెడల్పైన జత తెచ్చి, లేసు వదులు చేసి, మడమ మెల్లగా జార్చాడు. ఆ పిల్ల లేచి అద్దం దాకా నడిచింది. వెనక్కి తిరిగి నవ్వుతూ వచ్చింది.

"బాగున్నాయి నాన్నా. సరిగ్గా సరిపోయాయి."

ఆయన బొటనవేలితో బూటు ముందు భాగం నొక్కి చూశాడు. లోపల కణుపు తోలుని పైకి పొడుస్తోంది. నిజం ఈ బొటనవేలికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంది. ముప్పై ఏళ్లుగా వేలు ఒకటి చెప్తే నాలిక ఇంకోటి చెప్పింది.

"నొప్పి లేదూ?"

"లేదు."

"నిజం చెప్పమ్మా."

ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసింది. ఎంత ఆశగా చూస్తున్నాడో కనిపెట్టింది. చిన్నప్పటి నుంచి కనిపెడుతూనే ఉందిగా.

"కొంచెం బిగుతు, అంతే," అంది. "సాగుతాయిలే నాన్నా."

కౌంటర్ అమ్మాయిలు ఫక్కున నవ్వారు. ఓనరు కూడా ముసిముసిగా నవ్వాడు. తండ్రికి తగ్గ కూతురు అన్నారెవరో.

"సాగవమ్మా!" అన్నాడాయన.

ఎంత గట్టిగా అన్నాడంటే నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి. పక్క సీట్లో కొత్త జత తొడుక్కుంటున్న ఒకావిడ తలెత్తి చూసింది.

"బూటు సాగదు. వేలే వంగుతుంది."

ఓనరు గల్లాపెట్టె దగ్గర్నుంచి గట్టిగా దగ్గాడు. ఆయన అటు తిరగనైనా లేదు. కూతుర్ని కూర్చోబెట్టి లేసు విప్పుతున్నాడు. బూటు తీసి అవతల పెట్టి, పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పక్క సీటావిడ చప్పుడు చేయకుండా తన కొత్త జత విప్పేసింది.

"ఎక్కడ నొప్పి?" అన్నాడు. "ఇన్నేళ్లూ నేను అడగలేదు, నాదే తప్పు. ఇప్పుడు చెప్పు తల్లీ. ఎక్కడ?"

కూతురు ఇంకా నవ్వాలనే చూసింది. నవ్వు నిలవలేదు. ఎనిమిదో తరగతి పిల్లలా కింది పెదవి వణికింది.

"ఇక్కడ నాన్నా," అని వంగి వేలితో చూపించింది. "ఇక్కడా. ఇక్కడ కూడా. చాలా నొప్పి నాన్నా."