తెర మీద నాలుగు గేర్‌బాక్సులు

సున్‌దొక్ పిన్ని ఫోన్ చేసేసరికి హేరాన్ ఇంకా కోటు కూడా విప్పలేదు. తన ఫ్యాక్టరీలో గిమ్ అనే సముద్రపు నాచును ఆరబెట్టే యంత్రం ఆగిపోయిందట. గొలుసును లాగే గేర్‌బాక్స్‌లో పళ్లన్నీ అరిగి రాలిపోయాయట. తెల్లవారుజామున రెండు పడవల్లో వచ్చిన పచ్చి గిమ్ తొట్లలో ఉంది. సముద్రపు నాచు ఎవరి కోసమూ ఆగదు. సాయంత్రానికి యంత్రం తిరగకపోతే కంపు కొడుతుంది, మొత్తం పారబోయాల్సిందే. జనవరి నెల, వాందోలో ఎవరి యంత్రమూ ఖాళీగా లేదు, పక్కవాళ్ల దగ్గర ఆరబెట్టుకుందామన్నా కుదరదు.

"కంగారు పడకు పిన్నీ. సాయంత్రం లోపల తెచ్చి బిగిస్తాం," అంది హేరాన్.

ముందు మాట ఇచ్చి, తర్వాత కంప్యూటర్ తెరిచింది. అదే ఆమెకున్న రోగం. తెర మాత్రం ఆమె పరువు కాపాడింది: ఆ రకం గేర్‌బాక్సులు నాలుగు. వాందోలో ఒకటి, హేనామ్‌లో ఒకటి, జిందోలో ఒకటి, గోహంగ్‌లో ఒకటి. నాలుగు ఊళ్ల గోదాములను కలిపి కంప్యూటర్‌లో ఒకే గోదాముగా చూపించే ఏర్పాటు అది. వాందోలో దాని బాధ్యత హేరాన్‌ది, అయినా నాలుగు ఊళ్ల అంకెలనూ ఎవరైనా మార్చవచ్చు. ఎక్కడ ఏ విడిభాగం ఉన్నా అందరిదీ, ఎవరికి అవసరమైతే వాళ్లకు కారులో వెళ్లిపోతుంది. చెప్పుకోవడానికి ఎంత బాగుంటుందో!

రెండేళ్ల కిందట సున్‌దొక్ పిన్నికి ఇలాగే చెప్పింది. పిన్ని షెడ్డులో ఇదే గేర్‌బాక్స్ ఒకటి గుడ్డలో చుట్టి భద్రంగా ఉండేది. ఈ ఇనుమంతా నీకెందుకు పిన్నీ, ఇకనుంచి నాలుగు ఊళ్ల గోదాములూ నీవే అనుకో, అని హేరాన్ బతిమాలి దాన్ని తీసుకుపోయింది. గోహంగ్‌లో యంత్రాలు ఎక్కువని లెక్క వేసి కంప్యూటర్ దాన్ని అక్కడికి పంపించింది. పిన్ని అయిష్టంగానే ఇచ్చింది. హేరాన్ ముఖం చూసి ఇచ్చింది.

వాందో గోదాములో ఆ అర ఖాళీ అని హేరాన్‌కు తెలుసు. ఆ సంగతి తలచుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అక్టోబర్‌లో గ్వాంగ్జు నుంచి తనిఖీవాళ్లు వస్తున్నారనగానే ఇక్కడి మేనేజర్ గుక్ గారి ముఖం మాడిపోయింది. పోయిన సీజన్‌లో మెకానిక్‌లు ముందు పని, తర్వాత రాత అంటూ గేర్‌బాక్స్ పట్టుకుపోయారు. ఆ రాత ఎవరూ రాయలేదు. పెద్దాయన తలవంచుకోవడం చూడలేక హేరాన్ హేనామ్ నుంచి ఒకటి అరువు తెచ్చి అరలో పెట్టింది. తనిఖీ అయ్యాక తిరిగి ఇచ్చేసింది. ఇందులో తప్పేముంది? తోటి గోదామువాళ్లు ఆపదలో ఆ మాత్రం ఆదుకుంటారు. మనదొకటి పోతే మాత్రం ఏం, ఇంకా మూడున్నాయి అనుకుని ఇప్పుడు హేనామ్‌కు ఫోన్ చేసింది.

హేనామ్‌వాడు నసిగాడు. ఆమెకిచ్చింది తనది కాదట, జిందో నుంచి తెచ్చుకున్నదట, తిరిగి అక్కడికే పంపేశాడట. హేరాన్ జిందో గోదాము చూసే దేసిక్‌కు ఫోన్ చేసింది. వాడు అక్కా అని వరస కలిపి, ఎడతెరిపి లేకుండా వాతావరణం గురించి మాట్లాడాడు. గట్టిగా అడిగితే, తనదీ అరువేనన్నాడు.

"గోహంగ్‌వాళ్లది అక్కా. అక్టోబర్‌లో సోమవారం వాళ్ల తనిఖీ అవగానే సాయంత్రం నా కారులో వేసుకొచ్చా. మంగళవారం నాది, బుధవారం హేనామ్‌ది, గురువారం మీది. ఏ ఊరికి వెళ్లినా వాళ్లు ఆ ఒక్కదాన్నే లెక్కపెట్టారు."

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. హేరాన్‌కు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచి, తనకు ఆ హక్కు లేదని గుర్తొచ్చి మూసుకుంది. ఆ మంట మరీ ఘోరం, ఎవరి మీదా పోయడానికి లేదు.

గోహంగ్‌లో నంబర్ మూడుసార్లు బిజీగా ఉంది. నాలుగోసారి పలికినాయన చాలా మర్యాదగా, ఆ గేర్‌బాక్స్‌ను పోయిన వారమే ఒక ఫ్యాక్టరీలో బిగించేశామని చెప్పాడు. మరి ఎంట్రీ ఎందుకు వేయలేదని ఆమె అడిగింది.

"మీ దగ్గర ఒకటి కనబడుతోంది కదమ్మా. అవసరం పడితే అది తెప్పించుకోవచ్చులే అనుకున్నాం."

గేర్‌బాక్సులు తయారుచేసే కంపెనీకి ఫోన్ చేస్తే ఎల్లుండికి గాని రాదన్నారు. పాత యంత్రాలు అమ్మేవాళ్లను, రిపేరు షాపులను, ఆఖరికి మొక్పోలో ఓడల సామాన్లవాడిని కూడా అడిగింది. మధ్యాహ్నం మూడయింది. సంగతి తెలిసి గుక్ గారు వచ్చి పక్కన నిలబడ్డారు. అంకెల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దని, మిగతా మేనేజర్లతో మాట్లాడి నెమ్మదిగా సరిచేద్దామని మెల్లగా చెప్పారు. హేరాన్ కారు తాళాలు తీసుకుంది.

పిన్ని ఫ్యాక్టరీలో పనివాళ్లు ఆగిన యంత్రం పక్కన చేతులు ముడుచుకుని కూర్చున్నారు. తొట్ల దగ్గర అప్పుడే పులిసిన వాసన. హేరాన్ జరిగింది జరిగినట్టు చెప్పింది, అక్టోబర్‌లో తను చేసింది కూడా దాచలేదు. పిన్ని తిడుతుందని ఎదురుచూసింది. ఆమె తిట్టలేదు, కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఏదీ, ఆ నాలుగూ చూపించు."

హేరాన్ ఫోన్‌లో తెరిచి చూపించింది. పిన్ని వాటిని వేలితో ఒక్కొక్కటే తాకింది. సిగ్గుతో హేరాన్ చెవులు కాలిపోయాయి. ఆమె ఫోన్ వెనక్కి తీసుకుని నాలుగు ఊళ్ల పక్కనా వరసగా సున్నా కొట్టేసింది. గుక్ గారు ఏమనుకున్నా సరే అనుకుంది. వెంటనే కింద ఒక వరుస వచ్చింది: నిల్వ లేదు. నాలుగు కొత్తవి ఆర్డర్ అయ్యాయి. ఎల్లుండి ఉదయానికి చేరతాయి.

పిన్ని దాన్ని కూడబలుక్కుని చదివింది.

"ఎవరే వీటిని అడిగింది?"

"ఎవరూ అడగక్కర్లేదు పిన్నీ. సున్నా కనబడితే అదే తెప్పిస్తుంది."

"మరి అక్టోబర్‌లో కొట్టి ఉంటే?"

"అక్టోబర్‌లోనే వచ్చేవి."

పిన్ని తలాడించింది. ఆ మాటకు తిట్టినా బాగుండేది. ఆమె రబ్బరు గ్లౌజులు తొడుక్కుని పనివాళ్లను లేవమంది, వంగి మొదటి తొట్టి బిరడా లాగింది. నల్లటి నాచు నీళ్లతో పాటు జారి కాలవలోకి పోసాగింది. హేరాన్ కోటు విప్పి గోడకు తగిలించి, రెండో తొట్టి దగ్గరికి వెళ్లింది.