కిబోర్ గుండెల మీద కెమెరా

ఆ కొండమీది ఊళ్ళో తాను పరుగుగాణ్ణని చెప్పుకోని మగవాడు లేడు. కిబోర్ మరీ గట్టిగా చెప్పుకునే రకం. ఆ మాట చెప్పే జెసాంగ్‌ని పెళ్ళాడాడు. పెళ్ళయి పదేళ్ళయింది, ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండు ఆవులు, గూట్లో పందెంలో గెలిచిన కప్పు ఒక్కటీ లేదు. అయినా టీ హోటల్లో కూర్చున్నాడంటే, ప్రపంచంలో ఏ పందెం ఎవడు గెలిచినా వాడు చిన్నప్పుడు తన వెనకే పరిగెత్తేవాడని కోతలు కోయడం మానలేదు.

ఆ టీ హోటల్లోనే హోటలు యజమాని తల్లం ఒకరోజు కొత్త సంగతి చెప్పాడు. అడవి పక్కనున్న క్యాంపులో కోచ్ చెమ్వెనోకి ఒక పేసర్ కావాలట. పెద్ద పందేల్లో ముందుండి, అందరికీ వేగం తప్పకుండా చూసి, సగం దారిలో పక్కకి తప్పుకునే మనిషి. గెలవక్కర్లేదు, చివరిదాకా పోనక్కర్లేదు. తిండి, బస, బూట్లు క్యాంపువే. పని బాగా చేస్తే విమానం ఎక్కి పరాయి దేశాలు పోవడం కూడా ఉంటుంది.

"సగంలో మానేయడమే ఉద్యోగమా?" అన్నాడు కిబోర్. "అది నాకోసమే పుట్టింది!"

ఆ మాట మాత్రం అబద్ధం కాదు. సగంలో మానేయడంలో అతనికి ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

అయితే ఒక షరతుంది. వంతెన దగ్గర్నుంచి అడవి గేటు దాకా పది కిలోమీటర్లు ఎర్రమట్టి రోడ్డు మీద నలభై నిమిషాల్లో పరిగెత్తాలి. ఒక్కో కిలోమీటరు రాయినీ సరిగ్గా నాలుగు నిమిషాలకొకటి చొప్పున దాటాలి. ఛాతీకి కెమెరా కట్టుకుని ఆ పరుగంతా ఎక్కడా కత్తిరించకుండా తీసివ్వాలి. కిందటేడు కోచ్ దూరమూ వేగమూ కొలిచే చేతి గడియారాల లెక్క చాలన్నాడు. మనవాళ్ళ తెలివి తెలియదు పాపం. ఒకడు గడియారాన్ని పాల వ్యాను అద్దానికి కట్టాడు, ఇంకొకడు కుక్క మెడకి కట్టి మేక వెంట తరిమాడు. ఆ లెక్కలు చూసిన చెమ్వెనో, "మనిషి అక్కర్లేదు, ఆ కుక్కని పంపండి" అన్నాడట.

కిబోర్ ఆ వారమే ఎల్డొరెట్ పట్నం వెళ్ళి కెమెరా కొనుక్కొచ్చాడు. డబ్బా మీద పేరు పెద్ద కంపెనీ పేరే, ఒక్క అక్షరం తేడా. ధర మాత్రం నాలుగో వంతు. నీళ్ళలో పడ్డా, బండ మీద పడ్డా ఏమీ కాదనీ, ఈ చెవి దగ్గర్నుంచి ఆ చెవి దాకా ఉన్నదంతా చూస్తుందనీ కొట్టువాడు ఒట్టేశాడు. తేదీ మాత్రం ఎంత సరిచేసినా తొమ్మిదేళ్ళ వెనక్కే పోయేది. తొమ్మిదేళ్ళు చిన్నవాణ్ణయ్యాను కదా అని కిబోర్ దానికీ సంతోషించాడు. ఛాతీకి పట్టీలు బిగించుకుని, ఎర్రదీపం మిణుకుమనిపించుకుంటూ మూడురోజులు సంతంతా తిరిగాడు. బంగాళాదుంపలు బేరమాడడానికి కూడా దాంతోనే వెళ్ళాడు.

నాలుగోనాడు పరిగెత్తి చూసుకున్నాడు. మొదటి రాయి మూడు నిమిషాలకే దాటాడు. రెండోది ఐదు. మూడో రాయి మీద కూర్చున్నాడు. ఆరంభశూరుడికి వేగానికి కొదవేం లేదు, నిలకడే లేదు. పేసర్‌కి కావలసింది ఆ నిలకడ ఒక్కటే. ఎంత ఆలోచించినా అతనికి ఒకటే దారి తోచింది.

"ఏమే, రేపు నువ్వు నాతో పరిగెత్తాలి," అన్నాడు పెళ్ళాంతో.

జెసాంగ్ ఆవు పొదుగు దగ్గర్నుంచి తలెత్తలేదు. "పాలెవరు మోస్తారు?"

"మీ చెల్లెలు మోస్తుందిలే. నువ్వు రోజూ పాలకేంద్రానికి పరిగెడతావు చూడు, ఆ వేగమే. నువ్వు ముందు, నీ వెనక నేను. ఎడంపక్క అంచునే ఉండు, కెమెరాలో పడకు."

"ముందుండి పరిగెత్తే ఉద్యోగం నీది కదయ్యా. మరి నేనెందుకు ముందు?"

"అదంతా టెక్నిక్కు. నీకర్థం కాదు."

జెసాంగ్‌కి బాగానే అర్థమైంది. పాలకేంద్రం నుంచి వ్యాను పొద్దున ఆరూ ఇరవైకి కదులుతుంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆ పూట పాలు ఇంటికే. పదేళ్ళుగా వీపున క్యాను కట్టుకుని, చేతికి గడియారం లేకుండా వెళుతోంది, ఒక్కనాడూ వ్యాను తప్పలేదు. బళ్ళో చదివే రోజుల్లో ఆమె కూడా పందేలు పరిగెత్తింది. పెళ్ళయ్యాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మర్నాడు మొగుడు పారేసిన పాతబూట్లలో కాగితాలు కుక్కి, లేసులు బిగించి, వంతెన దగ్గర నిలబడింది.

ఇద్దరూ పరిగెత్తారు. అడవి గేటు చేరగానే కిబోర్ గడ్డిలో వెల్లకిలా పడిపోయాడు. పడీ పడగానే గడియారం చూసి "నలభై!" అని అరవబోయాడు కానీ గొంతు రాలేదు. మధ్యాహ్నం టీ హోటల్లో వీడియో ఫోన్లోకి ఎక్కించి మొదటి రెండు నిమిషాలూ తల్లంకి చూపించాడు. ఎదురుగా ఖాళీ రోడ్డు, ఎక్కడో ఎడం అంచున దారినపోయే ఆడమనిషిలా ఒక పచ్చ స్వెట్టరు.

"చివరిదాకా చూసుకున్నావా?" అన్నాడు తల్లం.

"పరిగెత్తిందీ నేనే, చూడాల్సిందీ నేనేనా? చూసేందుకు కోచ్ ఉన్నాడు."

ఆ సాయంత్రమే మెమరీ కార్డు క్యాంపు గేటు దగ్గర ఇచ్చొచ్చాడు. మూడోనాడు కబురొచ్చింది. శనివారం రమ్మన్నారు, వీడియోలో ఉన్న ఆమెని కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు. సాక్ష్యానికి కాబోలు అనుకున్నాడు కిబోర్. శనివారం లోపు ఊరందరికీ చెప్పేశాడు. విదేశాల నుంచి ఏమేం తేవాలో ఎవరికి వాళ్ళు జాబితా ఇచ్చారు, అతను ఎవరికీ కాదనలేదు.

క్యాంపు భోజనశాలలో పాతికమంది పరుగుగాళ్ళు మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్దలు తింటున్నారు. గోడకి పెద్ద టీవీ. కోచ్ చెమ్వెనో కళ్ళజోడు పెట్టుకుని, మొగుడూ పెళ్ళాలకి చెరో కప్పు టీ ఇప్పించి, వీడియో పెట్టించాడు.

మొదటి రాయి బాగానే గడిచింది. రెండో రాయి దగ్గర పచ్చ స్వెట్టరు అంచు నుంచి జరిగి రోడ్డు మధ్యకొచ్చింది. ఆమె జరగలేదు, వెనకబడ్డ కిబోరే అటూ ఇటూ తూలాడు. అయినా ఆ కెమెరా ఈ చెవి నుంచి ఆ చెవి దాకా చూసే రకం, అంచున ఉన్నా వదిలేది కాదు. మూడో రాయి దగ్గర్నుంచి ఊపిరి వినబడడం మొదలైంది. కెమెరాకి చెవులుండవని కిబోర్ నమ్మకం.

"ఆవు ఈనుతోందా?" అని వెనక బల్ల మీంచి ఎవడో అడిగాడు. శాల గొల్లుమంది.

టీవీలోంచి జెసాంగ్ గొంతు తాపీగా వినబడింది. ఎగుడెక్కుతూ కూడా ఆయాసం లేదు.

"రావయ్యా. బీన్స్ నానబోసి వచ్చాను. ఆ మలుపు దాకా పోదాం, రా."

"ఆగవే... చచ్చిపోతాను..."

"నువ్వు ఆగినా గడియారం ఆగదు. కోచ్ చూసి నా గురించి అడిగితే ఏం చెబుతావు?"

"ఆ ముసలాడికి... కళ్ళు సరిగా... ఆనవులే. నిన్నెవరో... దారినపోయేదనుకుంటాడు..."

ఉగాలి నములుతున్న నోళ్ళన్నీ ఆగాయి. కోచ్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కిబోర్‌కి నేల చీలితే బాగుండుననిపించింది. టీ కప్పులో మొహం దాచుకుందామంటే కప్పు చిన్నది.

కోచ్ రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. పచ్చ స్వెట్టరు రాయి దాటిన ప్రతిచోటా వీడియో ఆపి, మూల కనబడే సమయాన్ని పైకి చదివాడు. నాలుగు. నాలుగూ ఒక సెకను. ఒక సెకను తక్కువ నాలుగు. నాలుగు. నవ్వులు తగ్గుతూ వచ్చాయి. ఏడో రాయికి అందరూ కుర్చీలు టీవీ వైపు తిప్పుకున్నారు. ఎగుడులో, దిగుడులో, గొర్రెలమంద అడ్డొచ్చినచోట, ఆ వీపు ఒకేలా కదిలింది.

అప్పుడు కిబోర్ పెళ్ళాం వంక చూశాడు. ఆమె రెండు చేతులతో కప్పు పట్టుకుని తన వీపుని తానే చూసుకుంటోంది. ఎవరో తెలిసినామె కనిపిస్తే ఇంటిపేరు గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూస్తోంది. నవ్వడం లేదు. పదేళ్ళ కాపురంలో ఆ పరుగు కిబోర్ కూడా చూడలేదు. చూడాలంటే పొద్దున్నే లేవాలి కదా. ఎంత వద్దనుకున్నా ఆ నిమిషంలో అతని మనసు ఒప్పుకుంది, బాగా పరిగెత్తుతోందని. ఒప్పుకున్నందుకు వెంటనే ఒళ్ళు మండింది.

వీడియో అయిపోయింది. చివర్లో ఆకాశం, గడ్డి, కిబోర్ దగ్గు.

"అమ్మా, నీ పేరేంటి?" అన్నాడు కోచ్.

"జెసాంగ్."

"సోమవారం నుంచి వస్తావా? పేసర్ పని నీకే. పిల్లలుంటే తెచ్చుకో, బడి పక్కనే ఉంది."

"కోచ్ గారూ," కిబోర్ లేచాడు. "పరీక్షకి పరిగెత్తింది నేనండీ. ఈమె ఊరికే తోడొచ్చింది. అసలీమెకి నేర్పింది నేనే. ఈమెకి కోచ్‌ని నేనే అనుకోండి."

"నేర్పావా?" అన్నాడు చెమ్వెనో. "మరి నువ్వెందుకు నేర్చుకోలేదు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది.

ముసలాయన కాసేపు గెడ్డం గోక్కున్నాడు. "నీకూ ఒక పనుందయ్యా. మా పిల్లల అడుగు ఎలా పడుతుందో రోజూ వెనకనుంచి వీడియో తీసేవాళ్ళు కావాలి. కెమెరా నీకుంది. కుదుపులేకుండా ఉండేందుకు మోటారు సైకిలు ఇస్తాం, వెనక సీట్లో కూర్చుని తీద్దువుగాని. తిండి, బస క్యాంపువే. ఇష్టమైతే ఆమెతో పాటే రా."

కిబోర్ ఛాతీ విరిచాడు. తాను పరుగుగాణ్ణనీ, ఆడదాని వెనక బండెక్కి తిరిగే రకం కాననీ చెబుదామనుకున్నాడు. మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో వంటాయన వేడివేడి మాంసం కూర తెచ్చి బల్లమీద పెట్టాడు, మాట అక్కడే ఆగింది.

"ఏమంటావే?" అన్నాడు పెళ్ళాంతో, నిర్ణయం ఆమెకి వదిలేసిన పెద్దమనిషిలా.

జెసాంగ్ కప్పు కింద పెట్టి లేచింది.

"ఒప్పుకోవయ్యా," అంది. "బండి మీదైతేనన్నా నన్ను అందుకుంటావు."