టీవీ ముందరున్నోళ్లు

జొన్నరొట్టెలు చేస్తున్నప్పుడు రెండు చేతులూ పిండిలో ఉంటాయి. మా ఇంట్లో నాకు ఏం చెప్పాలన్నా ఆ సమయంలోనే చెబుతారు. నేను ఎదురు మాట్లాడేలోపు పెనం మీద రొట్టె మాడుతుంది.

"దాక్షాయణీ, ఆ డబ్బా తీసేపిస్తున్న. టీవీకి కంప్యూటర్ పెట్టిస్త" అన్నాడు మా ఆయన బసవరాజు.

డబ్బా అంటే టీవీ కింద ఉండే రికార్డింగ్ పెట్టె. బి.ఎడ్. చదివి పద్నాలుగేళ్లుగా ఇంట్లో ఉన్నాను. ఈసారి టెట్ రాద్దామని, పొద్దున పదకొండింటికి టీవీలో వచ్చే పాఠాలను దాంట్లో పట్టి పెట్టుకుంటున్నాను. ఆ వేళకు నేను పొయ్యి దగ్గర ఉంటాను. మధ్యాహ్నం మూడింటికి, ఆయన విత్తనాల దుకాణం కోసం కంది గింజలను కిలో సంచుల్లో కడుతూ ఆ పాఠాలు వింటాను. నారాయణఖేడ్‌లో ఆ దుకాణం తెలియనివాళ్లు లేరు. ఆ సంచులు ఎవరు కడతారో మాత్రం ఎవరికీ తెలియదు. "ఇంట్ల కూసొని టీవీ చూస్తది" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.

ఆదివారం బాలకిషన్ వచ్చాడు. బస్ డిపో దగ్గర టీవీలూ కంప్యూటర్లూ బాగుచేసే మనిషి.

"అన్నా, ఉన్నది చెప్తున్న. రికార్డింగే కావాలంటే డబ్బానే నయం. ఒక్క పనే చేస్తది గానీ సక్కగ చేస్తది. కరెంటు పోయొస్తే దానంతటదే లేస్తది. కంప్యూటరైతే సినిమాలు, ఫోటోలు, నెట్టు, అన్నీ వస్తయి. గానీ నడుమ నడుమ ఆగుతది. ఒకరు దాన్ని చూసుకుంటుండాలె."

"నాకు కంప్యూటరే కావాలె."

చాయ్ అందిస్తూ నేను అడిగాను. "డబ్బాలున్న పాఠాలు దాంట్లకు ఎక్కుతయా?"

"ఎక్కయి వదినా. అందులోవి అందులోనే. వేరే మిషిన్ల ఆడయి."

అరవై రెండు పాఠాలు. మా ఆయన ఫోన్ నుంచి తలెత్తకుండానే "మళ్ల పట్టుకో" అన్నాడు.

కంప్యూటర్‌తో పాటు టీవీ నెత్తిన చిటికెన వేలంత కెమెరా కూడా వచ్చింది. ఆడబిడ్డతో ముఖం చూస్తూ మాట్లాడడానికట. ఒక్కసారి మాట్లాడాం.

వారం తిరిగేసరికి, అన్నం తింటూ ఆయన అన్నాడు. "మూడుంబావుకు పాఠం ఆపినవ్. ఇరవై నిమిషాలు ఏడికి పోయినవ్?"

"కూరగాయల కిష్టవ్వ పిలిస్తే బయటికి పోయిన."

"కిష్టవ్వ నాలుగింటికి గదా వచ్చేది."

కోపంగా అనలేదు. కోపపడితే ఏం చెప్పాలో నాకు తెలిసేది. పప్పు వడ్డించుకుని, తిని, లేచి వెళ్లాడు. ఇంకోరోజు "సంచులు కట్టుకుంట కునుకు తీస్తున్నవ్" అన్నాడు. ఆ మరుసటి వారం "ఇయ్యాల పచ్చచీర కట్టినవ్, ఎవరొస్తరని?" అన్నాడు. ఆయన దుకాణం నుంచి వచ్చేసరికి నేను ఆ చీర మార్చేసి రెండు గంటలైంది. మా అత్త చన్నమ్మతో చెబితే నవ్వింది. "మొగుడు కనిపెట్టుకుంటుండంటే పాయిరం, ప్రేమ ఉన్నట్టే గదనే. మా కాలంల మమ్ముల ఎవరు చూసిండ్రు?"

అప్పటి నుంచి నా నడక మారింది. వీపు గోక్కోవాలన్నా వంటింట్లోకి వెళ్తున్నాను. నవ్వొస్తే ఎందుకు నవ్వానో ముందే జవాబు తయారు చేసుకుంటున్నాను.

కరెంటు పోయినప్పుడల్లా పాఠం తప్పిపోతోంది. బాలకిషన్‌ను పిలిపించాను. అత్త వసారాలో ఉంది. అతను తీగలు సరిచేస్తూ గొంతు తగ్గించాడు.

"వదినా, నేను చెప్పిన్నని అనకు. అన్నకు రికార్డింగ్‌తోని పని లేదు. ముందుగాల్నే వచ్చి అడిగిండు, దేనికి కెమెరా పెట్టొచ్చని. డబ్బా టీవీల వచ్చేదాన్నే పట్టుకుంటది. కంప్యూటరైతే టీవీ ముందరున్నోళ్లను గూడ పట్టుకుంటది. అదంతా అన్న ఫోన్లకు పోతది. కరెంటు రాంగనే పాఠాలు లేవకున్నా సరే, కెమెరా లేవాలన్నడు."

"తెలిసీ పెట్టినవా?"

అతను స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టుకున్నాడు. "అడిగిన పని చేసిన వదినా."

ఆ సాయంత్రం మా ఆయనకు నీళ్లిస్తూ "ఆ కెమెరా తీసేయుండ్రి" అన్నాను.

"తప్పు చెయ్యకుంటే భయమేంది?" అన్నాడు. గ్లాసు తిరిగి నా చేతికిచ్చాడు.

ఆ రాత్రి నుంచే ఏ తప్పు చేశానా అని నేనే వెతుక్కోవడం మొదలుపెట్టాను.

శనివారం అత్త నాగల్‌గిద్దలో పెళ్లికి పోయింది. ఒంటిపూట బడి అయి వచ్చిన మా అమ్మాయి శైలశ్రీ ఎంతకూ హాల్లోకి రాలేదు. తను ఎనిమిదో తరగతి. వెళ్లి చూస్తే వంటింటి గుమ్మం పక్కన మూలకు ముడుచుకుని లెక్కలు చేసుకుంటోంది. తన ముందు నేల మీద సుద్దముక్కతో గీసిన గీత ఉంది. అది గోడ వెంబడి వంకరగా సాగి బయటి తలుపు దాకా పోయింది.

"ఇదేంది బిడ్డా?"

"గీతకు ఇవతల ఉంటే మనం కనపడమమ్మా. డాడీ స్నానానికి పోయినప్పుడు ఫోన్ల చూసి గీసిన." పిల్ల పుస్తకం మీంచి తల ఎత్తలేదు. "నువ్వు గూడ దీని మీదికెళ్లే నడుస్తున్నవ్ గదా."

నిజమే. నేను సుద్ద లేకుండానే ఆ గీత మీద నడుస్తున్నాను. నాకు నెల పట్టింది. నా కూతురు దాన్ని పాఠంలా నేర్చుకుని, ఇక ఇంట్లో ఇలాగే ఉంటారనుకుంటోంది.

"బుక్కులు సర్దుకో. మనూర్‌ల పెద్దమ్మ ఇంటికి పోతున్నం."

"ఎన్ని రోజులకు?"

"అన్ని బుక్కులూ సర్దుకో."

నా టెట్ పుస్తకాలూ సర్టిఫికెట్లూ ఒక సంచిలో పెట్టాను. ఇద్దరి బట్టలూ ఇంకో సంచిలో కుక్కాను. పిల్ల తన బ్యాగు వీపున వేసుకుని గోడ వారగా నడవబోయింది. చేయి పట్టుకుని నడిమికి లాగాను.

"డాడీ చూస్తడమ్మా."

"చూడనీ."

హాలు నడుమకు వచ్చామో లేదో నా ఫోన్ మోగింది. శైలశ్రీ ఆగి నా ముఖంలోకి చూసింది.

"నడువు" అన్నాను.