పొల్లు లేని సెలా

అర్జీ చేతికి రాగానే బెంజమిన్ దాన్ని చదవడు. ముందు కిటికీ వైపు తిప్పి వెలుతురుకి ఎత్తి చూస్తాడు. దిద్దిన చోట కాగితం పలచబడి తెల్లగా మెరుస్తుంది. ఆ తర్వాత తేదీ మీద చూపుడువేలి గోరుతో ఒకసారి గీరి, సిరా రంగులో తేడా ఉందేమో చూస్తాడు. అప్పుడు కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని మొదటి వరస నుంచి మొదలుపెడతాడు.

రాజోలుకి అవతల ఆ పంచాయతీ ఆఫీసులో జనన మరణాల రిజిస్టర్లు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేతిలోనే ఉన్నాయి. సన్నటి మనిషి, పొడుగు మెడ. ఎండాకాలంలో కూడా చొక్కా బొత్తాలు గొంతు దాకా పెట్టుకుంటాడు. గల్ఫు వెళ్ళడానికి వయసు పెంచుకున్నవాళ్ళనీ, ఉద్యోగానికి తగ్గించుకున్నవాళ్ళనీ చూసి చూసి, ఎదుటి మనిషి నోరు విప్పకముందే అబద్ధం ఎక్కడుందా అని వెతకడం అలవాటైపోయింది. పాలవాడు పోసిన పాలని గ్లాసు వంచి చూసుకుంటాడు. వచ్చిన రెండు పెళ్ళి సంబంధాల్లోనూ ఏదో దాస్తున్నారనిపించి వదిలేశాడు. మూడోది రాలేదు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు.

ఆ ఉదయం ఆయన వెలుతురుకి ఎత్తిన అర్జీ, పాప పుట్టుక నమోదులో పేరు చేర్చమని పెట్టుకున్నది. తండ్రి రాజ్‌కుమార్, ఆటో డ్రైవరు. తల్లి ఝాన్సీ. పాపకి ఎనిమిది నెలలు. కాగితంలో దిద్దుబాటు లేదు. పేరు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి బెంజమిన్ వేలు ఆగిపోయింది.

సెలా.

తలెత్తి ఇద్దర్నీ చూశాడు. కుర్రాడు ఖాకీ చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. ఆ అమ్మాయికి ముప్పై లోపే ఉంటాయి. పాపని భుజాన వేసుకుని, గోడ మీది సిబ్బంది పేర్ల బోర్డు చదువుతోంది.

"ఇదేం పేరండి?" అన్నాడు.

"ఫోన్లో చూసేవండి. కొత్తగా ఉందని పెట్టేవండి," అన్నాడు రాజ్‌కుమార్.

"అర్థం ఏంటంట?"

"ఓ చోట రాయి అనుందండి. ఇంకో చోట ఆగడం అనుందండి. సరిగ్గా ఎవరికీ తెలీదంటండి."

చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి ముందు భర్తని చూసింది, తర్వాత నేలని చూసింది. ఆ చూపు బెంజమిన్ ఎరిగినదే. ఈ మూడేళ్ళలో ఫోన్లో చూసి ఈ పేరు పెట్టినవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాయడం వల్ల ఇద్దరూ 'సెలాహ్' అని చివర హకారం పొల్లు పెట్టే రాశారు. వీళ్ళు పొల్లు లేకుండా రాశారు. అలా రాసిన సెలా ఈ ఆఫీసు రిజిస్టర్లన్నిట్లో ఒక్కతే ఉంది.

"హాస్పిటల్ కాగితంలో ఓ అక్షరం తేడాగా ఉందండి. మూడు దాటాక రండి," అన్నాడు. తేడా ఏమీ లేదు.

వాళ్ళు వెళ్ళాక బీరువా తీసి డెబ్బై ఐదు నాటి రిజిస్టరు దించాడు. అట్ట ఊడిపోయి పురికొసతో కట్టి ఉంది. నూట పన్నెండో పేజీ వెతుక్కోనక్కర్లేదు, దానంతటదే తెరుచుకుంటుంది. తండ్రి ఏసుదాసు, వృత్తి పడవ. ఆడపిల్ల. సెలా.

ఏసుదాసు రేవులో పడవ నడిపేవాడు. చదువు కూడబలుక్కునేంతే. ఆదివారం గుడిలో బైబిల్లోని కీర్తన చదివేటప్పుడు చరణం చివర బ్రాకెట్లలో ఉన్న ఆ మాటని పైకి చదివాడట. అది చదవకూడదు, వదిలెయ్యాలి అన్నారు పాస్టరు దేవదానం గారు. అర్థం ఏంటని అడిగితే, పాడేవాళ్ళని కాసేపు ఆగమనడం అయ్యుండొచ్చు, ఖాయంగా ఎవరికీ తెలీదు అన్నారు. "అచ్చేసిన మాటని ఒదిలెయ్యడం ఏంటండి, నాకు ఆడపిల్ల పుడితే పెట్టుకుంటాను," అన్నాడట ఏసుదాసు. ఊళ్ళో హిందువులు అది సెలయేరులోని సెల అనుకుని, మంచి పేరే పెట్టుకున్నావన్నారు. ఆ పిల్ల అన్న బెంజమిన్‌కి అప్పటికి పదకొండేళ్ళు.

తండ్రి పోయాక చెల్లెలి మీద కాపలా ఆయనకొచ్చింది. సెలా రాజోలు వెళ్ళి కుట్టుపని నేర్చుకునేది. నాలుగున్నర బస్సు తప్పి అయిదుంపావు బస్సుకి వస్తే ఎందుకని అడిగేవాడు. కుట్టు నేర్పే ఆవిణ్ణి అడిగాడు. బస్సు కండక్టర్ని అడిగాడు. దాంతో ఊరంతా ఆ పిల్లని అదోలా చూడ్డం మొదలుపెట్టింది. ఒకరోజు ఆమె పెట్టె తీస్తే బట్టల అడుగున కొత్తగా తీయించుకున్న పాస్‌పోర్టు ఫొటోలు కనపడ్డాయి.

"ఎవడాడు?" అన్నాడు.

"ఎవరూ లేరన్నయ్యా," అంది సెలా.

నమ్మలేదు. నెల తిరక్కుండా ఒక ఉదయం ఆమె ఇంట్లో లేదు. ఇరవై మూడేళ్ళయింది. గల్ఫుకి పంపే ఏజెంట్ల దగ్గరికి తిరిగాడు, అర్జీలు పెట్టాడు. ఆ పేరుతో ఎవరూ దేశం దాటలేదని జవాబొచ్చింది. అంటే ఎవడితోనో ఇక్కడే ఎక్కడో ఉందని తేల్చుకున్నాడు. కనపడితే అడగడానికి ప్రశ్నలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి రెండు ముద్దలు తిని మూసేశాడు. ఈ ఝాన్సీ సెలా కూతురా? ముక్కు అలా లేదు. కోడలేమో. పొద్దున్న బోర్డు మీద వెతికింది నా పేరేనేమో. ఎవరో పంపితే వచ్చి ఉంటారు, నన్ను కదిపి చూసి నవ్వుకోడానికి. వాళ్ళు రాగానే ఏ వరసలో అడగాలో కాగితం మీద రాసుకున్నాడు కూడా.

మూడున్నరకి ఝాన్సీ ఒక్కతే వచ్చింది. పాప నిద్రపోతోంది.

"మీ ఆయన రాలేదేండి?"

"స్టాండులో ఉన్నారండి. నేనే ఒద్దన్నాను. మీరు బెంజమిన్ గారేనాండి?"

"ఆయ్. ఈ పేరు ఎవరు చెప్పేరు మీకు? ఫోన్ అని మాత్రం చెప్పకండి."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. "కువైట్లో చెప్పేరండి. నేను పందొమ్మిదేళ్ళకి వెళ్ళేనండి. అదే ఇంట్లో అప్పటికే ఓ ఆంటీ ఉన్నారు. అందరూ మేరీ అని పిలిచేవారు. కాగితాల్లో అలాగే ఉందంటండి, ఏజెంటు వేరే ఎవరిదో పాస్‌పోర్టు పెట్టి పంపేడంట. నాకు టైఫాయిడొస్తే పదకొండు రోజులు నా పని కూడా ఆవిడే చేసేరండి. అప్పుడు చెప్పేరు అసలు పేరు, మీ పేరూ, ఈ ఆఫీసూ. నాకు ఆడపిల్ల పుడితే పెడతానన్నాను."

"ఏమంది?"

"నవ్వేరండి. బళ్ళో ఎవరూ సరిగ్గా రాయరు, శీల అనో షీలా అనో రాస్తారు, మా అన్నయ్య మూడుసార్లు బడికెళ్ళి దిద్దించేడు, నీ పిల్లకి అలాంటోడు ఉండాలి మరి అన్నారండి."

బెంజమిన్‌కి ఇప్పటిదాకా అది జ్ఞాపకం లేదు. బడి అరుగూ, సుద్ద అంటిన హెడ్‌మాస్టరు పంచె, తన వేలు పట్టుకున్న చిన్న చెయ్యీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. వాటిని పక్కకి నెట్టి కాగితం మీది మొదటి ప్రశ్న చూసుకున్నాడు.

"మొగుడున్నాడా ఆవిడకి?"

"లేరండి. ఎవరూ లేరండి."

"పొద్దున్న మీ ఆయన చేత అబద్ధం ఎందుకు చెప్పించేరు?"

"మీరెలాంటివారో తెలీదు కదండి," అంది ఝాన్సీ. "ఆవిడ భయపడే వెళ్ళేరు. మీ దగ్గర చెప్పొచ్చో లేదో చూద్దావనుకున్నానండి."

"చెప్పొద్దందా?"

"ఒద్దనలేదండి. చెప్పమనీ అనలేదు."

ఆయన ఆ కాగితాన్ని మడిచాడు. మిగిలిన ప్రశ్న ఒకటే.

"ఎప్పుడొస్తుంది?"

ఝాన్సీ పాపని ఒక భుజం మీంచి రెండో భుజం మీదకి మార్చుకుంది. "రెండేళ్ళయిందండి. నిద్రలోనే పోయేరు. కాగితాల్లో ఉన్న ఊరికి ఫోన్ చేస్తే అలాంటి మనిషి మాకు తెలీదన్నారంటండి. అక్కడే మట్టిచ్చేరు. నేను వెళ్ళేనండి. అసలు పేరు పెట్టి పిలిచేను ఒకసారి."

పక్క గదిలో ఎవరో స్టూలు జరిపారు. బెంజమిన్ కంప్యూటర్లో పాప నమోదు తెరిచాడు. తర్వాత చొక్కా పైబొత్తాం విప్పి, కుర్చీ ముందుకి లాక్కుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. కాగితం ప్రింటయి బయటికి వచ్చాక, ఈసారి దాన్ని వెలుతురుకి ఎత్తలేదు. ఆమె వైపు తిప్పి పెట్టాడు.

"సరిగ్గా ఉందో లేదో చూసుకోండి."

"ఉందండి."

"బళ్ళో తప్పు రాస్తే నాకు కబురు చెయ్యండి. వస్తాను."

"ఆయ్, అలాగేనండి."

లేచి గుమ్మం దాకా వెళ్ళి, చేతిసంచీలో తడుముకుంటూ వెనక్కి వచ్చింది. "ఇది నా సామాన్లో ఉండిపోయిందండి. గడువు అయిపోయిన కార్డే. మీ దగ్గరుంటే బాగుంటది," అని రిజిస్టరు పక్కన ఒక కార్డు పెట్టి వెళ్ళిపోయింది.

ఆటో చప్పుడు వంతెన దాటిపోయింది. సాయంత్రం ఎండ కిటికీలోంచి బల్ల మీదకి జరిగింది. మూలలు అరిగిన ప్లాస్టిక్ కార్డు. దాని మీద అరబ్బీలో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస, రెండింట్లోనూ ఎవరిదో పేరు. అసలు కంటే అయిదేళ్ళు పెంచిన పుట్టిన తేదీ. ఆ పక్కన, తలకి గుడ్డ చుట్టుకుని కెమెరా వైపు తిన్నగా చూస్తున్న సెలా మొహం.