నానని పెసలు

“ఏముంది అన్నమ్మగారూ, నానబెట్టి మూట కట్టేస్తే అవే వచ్చేస్తాయి,” అన్నాడు జాషువా.

బుధవారం గృహకూడిక మా ఇంట్లో జరిగింది. పాటలయ్యాయి, వాక్యమయింది, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల దగ్గర మా ఆయన లేచి నిలబడ్డాడు. తన షుగరు అదుపులోకి వచ్చిందనీ, రోజూ పొద్దున్నే మొలకెత్తిన పెసలు తినే బుద్ధిని దేవుడే తనకిచ్చాడనీ చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. ప్రార్థన ముగిశాక, మా సంఘంలో పెద్దావిడ అన్నమ్మగారు ఆ మొలకలు ఎలా చేస్తారని ఆయన్నే అడిగింది. ఆయన పై మాట అన్నాడు. నేను టీ కప్పుల పళ్ళెంతో వంటింటి గుమ్మంలో ఉన్నాను. విని నవ్వాను కూడా. మా ఆయన్ని ఎదురుగా ఉంటే ‘మీరు’ అంటాను, మనసులో మాత్రం ఏకవచనమే. ఆ రోజు మనసులో ఏమన్నానో ఇక్కడ రాయను.

అవే వస్తాయట. పెసలు అవే రావు, రాయ్‌పూర్‌లో అసలే రావు. డిసెంబరు చలికి గింజ ముడుచుకుని కూర్చుంటుంది. మూటని హాట్‌బాక్సులో పెట్టి, దానికి పాత శాలువా చుట్టి, పొయ్యి పక్కన ఉంచాలి. మే నెల వడగాడ్పుకి పొద్దున కట్టిన మూట సాయంత్రానికి పులిసిన వాసన వేస్తుంది, మధ్యాహ్నం ఒకసారి తడపకపోతే పారబొయ్యాల్సిందే. మధ్యాహ్నం ఇంట్లో అత్తయ్య ఒక్కతే ఉంటుంది, ఆవిడకి మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకని వేసవంతా ఆ మూట టిఫిన్ సంచిలో నాతోపాటు టాటీబంధ్‌లో మా ఇంటి నుంచి శంకర్ నగర్‌లో నేను నర్సుగా చేసే ఆస్పత్రి దాకా ఆటోలో వచ్చేది. అక్కడ నర్సుల గదిలో కుళాయికి దాన్ని వేలాడదీసి, డ్యూటీ మధ్యలో పోయి తడిపి వచ్చేదాన్ని. తోటి నర్సులు దానికి ‘సిస్టర్ కా బచ్చా’, సిస్టర్ బిడ్డ, అని పేరు పెట్టారు.

మొలకలొచ్చాక ఏరుడు పని. ఎంత మంచి పెసలు కొన్నా అందులో కొన్ని నానవు. ఎన్ని నీళ్ళు తాగించినా రాళ్ళలాగే ఉండిపోతాయి. అలాంటిది ఒక్కటి అత్తయ్య కట్టుడు పళ్ళ కింద పడిందంటే ఆ రోజంతా ఇంట్లో దాని గురించే ప్రసంగం. “ఒలే రేచలూ, నా నోట్లో రాళ్ళోసి సంపీసేలాగున్నావే,” అనేది. అందుకని పెందలాడే లేచి, మొలకలు పళ్ళెంలో పరిచి, నాననివి వేలితో తడిమి పక్కకి తీసేదాన్ని. మెత్తగా మొలిచినవి కాసేపు ఆవిరి మీద మగ్గబెట్టి, ఉల్లిపాయ, టమాటా తరిగి వేసి, నిమ్మకాయ పిండేదాన్ని. జాషువాకి రెండు గుప్పెళ్ళు, అత్తయ్యకి ఒకటి, మా అమ్మాయి హెలెన్‌కి ఒకటి. ఏరిన నానని గింజలు పారెయ్యబుద్ధి కాక, కుక్కర్లో వేసి ఉడికించి, ఉప్పు చల్లుకుని, పొయ్యి గట్టు దగ్గర నిలబడే నేను తినేసేదాన్ని. వెంటనే టీ. వెంటనే ఆటో.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు, చూసి వచ్చింది. బొబ్బిలిలో మా అమ్మ ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి, అంటే మా చర్చికి, వెళ్ళేది. నేనూ ఇక్కడ వేస్తాను, మా సంఘంలో ఆడవాళ్ళందరూ వేస్తారు. కరువు రోజుల్లో అమ్మ తీసే ఆ గుప్పెడు ఎవరి కంచంలోంచి తగ్గేదో నాన్నకి తెలీదు, మాకూ తెలీదు. అమ్మకి ఆకలి తక్కువ అనుకునేవాళ్ళం. దేవుడు పుచ్చుకున్నందుకు నాకు బాధ లేదు. దేవుడి పేరున పడిన ఆ అలవాటుని ఇంటిల్లిపాదీ వాడుకున్నారని మాత్రం ఇప్పుడనిపిస్తుంది.

ఆస్పత్రిలో ఆహారం గురించి చెప్పే ఆవిడ మానేసి చాలా కాలమైంది. కొత్తవాళ్ళని పెట్టలేదు. “సిస్టర్, మీరే చెప్పేయండి, ఇంట్లో వండేవాళ్ళేగా,” అన్నాడు పెద్ద డాక్టరు. జీతంలో ఏ మార్పూ లేకుండా ఆ పనీ నా మీద పడింది. భన్‌పురి కార్ఖానాల వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళని బెంచీల మీద కూర్చోబెట్టి నాకొచ్చిన హిందీలో చెప్పేదాన్ని. మాంసం, గుడ్లు కొనలేకపోతే పెసలు తినండి, కండ పడుతుంది. వీటిలో పీచు ఉంటుంది కాబట్టి షుగరు ఒక్కసారిగా పైకి పోదు, విరేచనం సాఫీగా అవుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి కావలసిన ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మొలకెత్తిస్తే సి విటమిన్ పెరుగుతుంది, పైన నిమ్మకాయ పిండితే గింజలో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం తాగకండి, ఆ ఐరన్ కాస్తా పోతుంది. ఇంత చెప్పాక చివర్లో గట్టిగా ఒక మాట అనేదాన్ని, అందరికీ పెట్టేశాక మిగిలితే తినడం కాదు, మీ వాటా ముందే తీసి పెట్టుకోండి అని. వాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. అన్నీ తెలిసే, మర్నాడు మళ్ళీ ఆ నానని గింజల మీదే టీ తాగేదాన్ని.

కూడిక అయిన రెండు రోజులకి, శుక్రవారం, హెలెన్ చదివే కాలేజీలో మా ఆస్పత్రి వాళ్ళు రక్తదాన శిబిరం పెట్టారు. మొదటి బల్ల నాది. వేలు పొడిచి, రక్తపు బొట్టుని నీలం రంగు ద్రావణంలో వదలాలి. బొట్టు మునిగితే రక్తం ఇవ్వొచ్చు. తేలితే అందులో బలం లేదన్నమాట, వెనక్కి పంపెయ్యాలి. స్నేహితురాళ్ళతో నవ్వుకుంటూ హెలెన్ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“మెల్లగా పొడువమ్మా, అందరి ముందూ ఏడిపించకు,” అంది.

దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. పొడిచాను, బొట్టు వదిలాను. అది కొంచెం కిందకి దిగి, ఆగి, మళ్ళీ పైకి వచ్చి తేలింది. ఇంకో బొట్టు వదిలాను. అదీ తేలింది. పక్క బల్ల మీద మిషన్‌తో చూసే ల్యాబ్ అమ్మాయి కిరణ్ కూడా పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదని చెప్పింది. రక్తం ఇవ్వాలంటే పన్నెండున్నర ఉండాలి. నా కూతురని ఆ పిల్లకి తెలీదు. రోజూ నా మాటలు వినీ వినీ నోటికొచ్చిన పాఠం హెలెన్‌కి అప్పజెప్పింది. “మమ్మీ సే బోలో, ఘర్ మే మూంగ్ ఖిలాయే.” ఇంట్లో పెసలు పెట్టమని మీ అమ్మకి చెప్పు, అని.

హెలెన్ నా వైపు చూసి నవ్వింది. నేను ద్రావణం గ్లాసు మార్చే వంకతో తల దించుకున్నాను. ఏడాదిగా గుడిలో అందరూ “హెలెన్ తెల్లబడింది” అంటున్నారు. అత్తయ్య దిష్టి తీయించమనలేదు కానీ, నూనె రాసి ప్రార్థన చేయించింది. నేను లోపల మురిసిపోయాను. పాతికేళ్ళుగా రక్తం తగ్గిందేమోనని రోగుల కనురెప్పలు కిందకి లాగి చూస్తున్నదాన్ని, నా బిడ్డ తెల్లబడిందంటే సంతోషించాను. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక అడిగాను. “రోజూ గుప్పెడు మొలకలు పెడుతున్నా కదే, ఏం చేస్తున్నావ్?”

“డాడీ ఇంకొంచెం ఉందా అంటారు కదమ్మా. నాది ఇచ్చేస్తా.”

“మరి నువ్వు?”

“నీకు మార్నింగ్ డ్యూటీ ఉన్న రోజు ఏరేది నేనే కదా. ఆ గట్టివి ఉడకబెట్టుకుని తింటా. టైమ్ లేకపోతే టీ తాగేసి పోతా.” నా ముఖం చూసి దానికి ఆశ్చర్యం వేసింది. “నువ్వూ అంతే కదమ్మా.”

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒక సమాధానం చెప్పి తప్పించుకునేదాన్ని.

జాషువాకి చెప్పాను. “ఆడపిల్లలకి ఇవన్నీ మామూలే. మీ ఆస్పత్రిలో టానిక్ ఏదైనా ఉంటే పట్టుకొచ్చెయ్,” అని టీవీ వైపు తిరిగాడు. అత్తయ్య మంచం మీద నుంచే అందుకుంది. “నాకూ పెళ్ళికి ముందు కళ్ళు తిరిగీవి. పెళ్ళయ్యాక సర్దుకున్నాయి.” ఆవిడకి సర్దుకోలేదు, చెప్పుకోవడం మానేసింది. ఆ సంగతి ఆవిడ పాలిపోయిన గోళ్ళు చూస్తే నాకు అర్థమవుతూనే ఉంది. కోపం రావలసిన చోట జాలి వచ్చింది.

శనివారం హెలెన్‌ని డాక్టరుకి చూపించి మాత్రలు రాయించాను. అంత తగ్గిన రక్తం పెసలతోనే వచ్చేస్తుందని నేనెవరికీ చెప్పను. కానీ పెసలూ కావాలి. ఆదివారం గుడికి వెళ్ళే ముందు మూట విప్పాను. మొలకలు బాగా వచ్చాయి. నాననివి ఏరి కిటికీ బయట పిచ్చుకలకి వేశాను. నిమ్మకాయ పిండాక రెండే గిన్నెలు తీశాను. ఒకటి హెలెన్ ముందు పెట్టాను, ఒకటి నా ముందు పెట్టుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ బల్ల కొన్నప్పటి నుంచి నేను వాళ్ళతోపాటు దాని ముందు కూర్చున్నది లేదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నాకేదీ?” అన్నాడు జాషువా.

“గిన్నెలో ఉన్నాయండీ, పొయ్యి పక్కన. మీకూ అత్తయ్యకీ పెట్టుకు రండి.”

“ఒలే రేచలూ,” అంది అత్తయ్య, “ఆడికెట్టకుండా నువ్వు కూకున్నావేటే?”

“అక్కడే ఉన్నాయి అత్తయ్యా. అవే వచ్చాయి.”

జాషువాకి ఆ మాట ఎక్కడిదో అర్థమైంది. వంటింట్లోకి వెళ్ళాడు, చెంచాలు ఎక్కడుంటాయో తెలీక ఒక్కో సొరుగూ లాగుతున్న చప్పుడు వినిపించింది. నేను లేవలేదు. లేవాలని కాళ్ళు లాగాయి, అయినా లేవలేదు.

హెలెన్ తన గిన్నెని మెల్లగా నాన్న కుర్చీ వైపు జరిపింది. దానికే తెలియకుండా జరిపింది. నేను చెయ్యి చాపి ఆ గిన్నెని వెనక్కి లాగి దాని ముందు పెట్టాను.

“తిను.”

చెంచా పట్టుకుంది కానీ తినలేదు. వంటింటి వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. నా బిడ్డ తినడానికి అనుమతి కోసం నా ముఖంలోకే చూస్తోంది, ఇన్నేళ్ళూ నన్నే చూస్తూ ఉంది. నేను మొదటి చెంచా నా నోట్లో పెట్టుకున్నాను.