ఒక్క తలుపు కాలనీ

తిరువూరు బయట, విస్సన్నపేట రోడ్డు పక్కన పేదలకిచ్చిన కాలనీలో తలుపున్న ఇల్లు ఒక్కటే. మిగతావన్నీ మోకాలెత్తు పునాదులు, వాటి మధ్య తుమ్మ మొక్కలు.

ఆ తలుపు ముందు అంతోనమ్మ నిలబడింది. సర్కారు ఇంజినీరు ఫోన్‌లో ఫోటో తీశాడు. కంట్రాక్టర్ హర్షవర్ధన్ మనిషి, గోడ మీద సుద్దతో రాసిన ఆమె ఇంటి నంబరును తడిగుడ్డతో తుడిచి, తర్వాత వంతు మీరాబీది కాబట్టి ఆమె నంబరు రాశాడు. మామిడాకుల తోరణం మాత్రం అదే.

"నా గృహప్రవేశం అయిపోయిందక్కా! పాయసం లేదంట" అంది అంతోనమ్మ మెట్లు దిగుతూ. వంతు కోసం నిలబడ్డ వాళ్ళెవరికీ నవ్వు రాలేదు.

పోయినేడాది శ్లాబు ఫోటోలప్పుడూ ఇంతే. ఆ రోజు కూలి డబ్బులు పోతాయన్న తొందరలో, ఫోటోయేగా అనుకుని అందరూ ఈ ఇంటి ముందే నిలబడి వెళ్ళిపోయారు. శ్లాబుల డబ్బు సర్కారు నుంచి వచ్చింది, హర్షవర్ధన్ జేబులోకి పోయింది. ఇవాళ తలుపు ఫోటో. ఇది కూడా పడితే సర్కారు లెక్కలో ఇళ్ళన్నీ పూర్తయినట్టే. ఇక పైసా రాదు.

"రండి మీరాబీ గారూ!" హర్షవర్ధన్ పిలిచాడు.

మీరాబీ కొంగు ముడి తడుముకుంది. అందులో ఆ ఇంటి తాళంచెవి ఉంది. ఊరు పెరుగుతోంది, కాంప్లెక్సు కడతానని ఓనరు ఆమెను అద్దెగది ఖాళీ చేయమన్నాడు. ఆ సంగతి తెలిసే నిన్న హర్షవర్ధన్ వచ్చాడు. "నువ్వు నిలబడితే మిగతావాళ్ళు నోరెత్తరు. ఆ ఇల్లు నీకే" అన్నాడు. ఈ ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి ధర్నాల్లో ముందు నడిచిన మనిషి మీరాబీ. అలసిపోయింది. కాదనలేకపోయింది.

తలుపు దాకా వెళ్ళింది. గోడ మీద తన నంబరు. దాని కింద, సరిగా తుడవని అంతోనమ్మ నంబరు.

ముడి విప్పి, తాళంచెవి ఇంజినీరు చేతిలో పెట్టింది.

"ఈ ఒక్కటి నాకిస్తానన్నాడు సార్. మరి వీళ్ళవేయీ?"

"ఏంటి మీరాబీ, ఇలాగా?" హర్షవర్ధన్ మొహం మాడిపోయింది.

మీరాబీ తుమ్మ మొక్కలు తప్పించుకుంటూ తన పునాది దగ్గరకు వెళ్ళి చతికిలబడింది.

"నా ఇల్లిది. ఇక్కడ తీయండి సార్."

"దీనికి తలుపేదమ్మా?"

"అదే నేనూ అడుగుతున్నా."

జనంలోంచి రావమ్మ విసుక్కుంది. "కూర్చుంటే ఇల్లొస్తుందా?"

"మొన్న నిలబడితే వచ్చిందా వదినా?" అంది అంతోనమ్మ. ఇంజినీరు వైపు తిరిగింది. "నా ఫోటో చెరిపెయ్ సారూ. ఆ ఇల్లు నాది కాదు." వెళ్ళి తన పునాది మీద కూర్చుంది.

ఒక్కొక్కరే కదిలారు. నినాదాల్లేవు, అరిచే ఓపిక ఎవరికీ లేదు. ఎవరి పునాది మీద వాళ్ళు కూలబడ్డారు. చివరికి రావమ్మ కూడా, గొణుక్కుంటూ.

హర్షవర్ధన్ ఫోన్ చేశాడు. జీపొచ్చింది.

"లేమ్మా" అన్నాడు ఎస్సై మీరాబీతో.

"మోకాళ్ళు రావట్లేదు బాబూ."

ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు ఆమెను లేపి జీపెక్కించారు. మీరాబీ వెనక్కి చూసింది. తన పునాది మీద అప్పుడే అంతోనమ్మ కోడలు కూర్చుంటోంది. అవతల తోరణం కింద, సుద్దముక్క పట్టుకున్న మనిషి ఎదురు చూస్తున్నాడు.

ఆ తలుపు ముందుకు ఎవరూ రావడం లేదు.